బిందెల వరసలో చోటు

మా లంకకి వెళ్ళాలంటే పంటు ఎక్కాలి. రెండు నావల్ని పక్కపక్కన కట్టి, పైన బల్లలు పరిచి, మోటారు తగిలిస్తే దాన్ని మేం పంటు అంటాం. మనుషులు, మోటారు సైకిళ్ళు, గేదెలు, కొత్త పెళ్ళికూతురి బీరువా, అందరం ఒకే తరగతి ప్రయాణికులం. గోదారి మధ్యలో ఎండ అందరి నెత్తి మీదా ఒకేలా కొడుతుంది.

ఆ రోజు మా ఆవిడ పంటు మీద మా బండి సీటు పట్టుకుని నిలబడి అడిగింది. "ఏవండీ, మీ లంకలో ఉండటానికి ఏ పేట మంచిదండీ?"

ఆ లంకలో పుట్టినవాణ్ణి నేను. కానీ నేను నోరు తెరిచేలోపే పంటు మొత్తం జవాబు చెప్పేసింది.

"మెరక మీద చూసుకోండమ్మా. గోదారి ఎంత పొంగినా మా గుమ్మం తొక్కలేదండి" అన్నాడు గేదె పలుపు పట్టుకున్నాయన.

"ఆయ్, తొక్కలేదు! మరి మొన్న వరదలో మీ గేది చర్చి మెట్లెక్కి ఎవర్ని పిలిచిందండీ?" అంది ఖాళీ చేపల గంప బోర్లించుకుని దాని మీద కూర్చున్నావిడ.

"అది ప్రార్థనకి వచ్చిందండి. మీరు రాటం లేదని."

పంటు నడిపేవాడితో సహా అందరం నవ్వాం. మా ఆవిడ మాత్రం నవ్వలేదు. ఆవిడది కొత్తపేట వైపు, గట్టు నేల. నీళ్ళ గురించిన హాస్యం ఇంకా వంటబట్టలేదు.

మా లంకలో పేటలు మూడు. పంటు ఆగేచోట రేవుపేట, నడుమ ఎత్తులో మెరక, సముద్రం వైపు కొసన కొబ్బరితోటల్లో చివరిపేట. వరద ఎక్కడిదాకా వచ్చిందని ఏ పేటలో అడిగినా పక్కింటి దాకా వచ్చి ఆగిపోయిందనే అంటారు. ఆ పక్కిల్లు ఏదో ఇంతవరకు నాకు దొరకలేదు.

మేం చోటు వెతుక్కోవడానికి కారణం చెప్పాలి. నేను కువైట్‌లో డ్రైవర్ని. ఏడో తరగతిలో లెక్కల మాస్టారు "నువ్వు బళ్ళో ఉండి ఏం ప్రయోజనంరా" అని అడిగితే, పెద్దాయన మాట తీసెయ్యకూడదని మర్నాటి నుంచి మానేశాను. స్టీరింగు పట్టుకున్నాను, అది ఇంతవరకు నన్ను ఎక్కాలు అడగలేదు. మాకు పిల్లల్లేరు. ఈ మాట చెప్పగానే ఎదుటివాళ్ళు ముఖం దించుకుంటారు కాబట్టి ముందే చెప్పేస్తున్నాను. దించినవాళ్ళు ఎత్తుకోండి, మేం బాగానే ఉన్నాం.

నేను అక్కడ ఉన్నన్నాళ్ళూ ఆవిడ అమలాపురంలో ఒక మేడ మీద పోర్షన్లో అద్దెకుండి జాకెట్లు కుట్టేది. కింద ఇంటివాళ్ళు మంచివాళ్ళే. వాళ్ళ గుమ్మం వీధిలోకి, మా మెట్లు సందులోకి. అంతే తేడా.

ఆ ఏడు వానాకాలంలో ఆవిడకి జ్వరం వచ్చింది. మంచం మీంచి లేవలేకపోయింది. ఫోన్లో ఛార్జింగు అయిపోయింది. జాకెట్ల కోసం వచ్చినవాళ్ళు మెట్లెక్కి తలుపు కొట్టారు. లోపల ఈవిడకి అన్నీ వినబడుతున్నాయి, గొంతు మాత్రం పెగలడం లేదు. "ఊరెళ్ళినట్టుంది" అని ఒకావిడ, "చెప్పొచ్చు కదా" అని ఇంకొకావిడ దిగి వెళ్ళిపోయారు. చివరికి తనే లేచి, గోడ పట్టుకుని, గొళ్ళెం తీసుకుంది. కువైట్‌లో నేను ఫోను కలవకపోతే సిగ్నలు బాగోలేదనుకున్నాను.

సెలవు మీద వచ్చాక ఒక మధ్యాహ్నం చింతకాయ పప్పు వడ్డిస్తూ, పక్కింటావిడ సంగతేదో చెప్పినట్టు ఇదంతా చెప్పింది.

"జ్వరం అందరికీ వస్తదండీ. తలుపు కొట్టి వెళ్ళిపోయేరు చూడండి, ఆ చెప్పుల చప్పుడు ఇంకా వినపడతా ఉంటది" అంది. నా కంచంలో ఇంకో గరిటె పప్పు వేస్తూ, "మీరు మళ్ళీ వెళ్ళాలి కదా. ఈసారి నేను లెగకపోతే ఎవరికైనా తెలిసేచోట పెట్టి వెళ్ళండి" అంది.

నాకు నోటిదాకా ఒక జోకు వచ్చింది. మింగేశాను. జోకు మింగడం అలవాటు లేని గొంతు, అది చేపముల్లులా అక్కడే ఉండిపోయింది.

అమలాపురంలో ఇంకో వీధి చూద్దామన్నాను. వద్దంది. మీ లంకకే పోదాం అంది. అమ్మా నాన్నా పోయాక ఆ లంకలో నాకు మిగిలింది రేవుపేటలో మా పిన్ని ఒక్కతే. సరే, పిన్ని ఇంట్లో నాలుగు రోజులుండి మూడు పేటలూ చూసి, నచ్చినచోట ఇల్లు తీసుకుందామనుకున్నాం.

మొదట మెరక మీదకి తీసుకెళ్ళాను, ఎందుకంటే నా మనసులో ఇల్లు అప్పటికే అక్కడ ఖాయం. కువైట్‌లో నా రూమ్మేటుది మా లంకే. ఒకే గదిలో పై మంచం అతనిది, కింది మంచం నాది. మెరక మీద కట్టుకున్న అతని ఇంటిని ఫోన్లో ఫోటోలుగా అన్ని కోణాల్లోంచీ చూసి ఉన్నాను. "పైన పోర్షను ఖాళీగా ఉంది, మా ఆవిడకీ తోడుగా ఉంటుంది, దిగిపోండి" అన్నాడు. నేను అక్కడే మాటిచ్చేసి వచ్చాను. మా ఆవిడకి చెప్పలేదు. తను చూసి మెచ్చుకున్నాక, "నేను ముందే అనుకున్నా" అని గొప్ప కొట్టుకుందామని.

గేటు పెద్దది. గంట నొక్కితే లోపలెక్కడో పిట్ట కూసింది. రూమ్మేటు భార్య వచ్చి తాళం తీసింది. నన్ను అన్నయ్యగారూ అంటుంది, నేను చెల్లెమ్మా అంటాను. చలువరాతి గచ్చు, గోడకి పెద్ద టీవీ, ఇన్వర్టరు. వంటింట్లోనూ కుళాయి, పెరట్లోనూ కుళాయి. ఒక మూల పాత చేతిపంపు కూడా తియ్యకుండా ఉంచారు.

"కరెంటు పోతే ఉంటదని మీ ఫ్రెండు గారే ఉంచమన్నారండి" అంది చెల్లెమ్మ. "నీళ్ళకి గుమ్మం దాటక్కర్లేదు వదినగారూ. అసలు దేనికీ దాటక్కర్లేదు."

మా ఆవిడ గచ్చు మెచ్చుకుంది. కిటికీలు మెచ్చుకుంది. టీ తాగింది. బయటికొచ్చి గేటు వెనకాల తాళం పడిన చప్పుడు విన్నాక, "పాపం, మనం వెళ్తామంటే ఎన్నిసార్లు కూర్చోమందో చూసేరా?" అని మాత్రం అంది.

ఎత్తు గురించి, కిటికీల గాలి గురించి నేను చెప్పుకుపోతూనే ఉన్నాను. ఇల్లు అమ్మే బ్రోకరు కూడా అంత చెప్పడు.

చివరిపేటలో చూపించిన ఇల్లు కొబ్బరితోట నడుమ ఉంది. తోట యజమాని ఎంతో మర్యాదస్తుడు. "ప్రశాంతతండి! పగలంతా కొబ్బరికాయ పడ్డ చప్పుడు తప్ప మరోటి ఉండదండి" అన్నాడు.

"నేను పడితేనో అండీ?" అంది మా ఆవిడ.

ఆయనకి అర్థం కాక, కాయలు దింపించేస్తానమ్మా, నెత్తిన పడవు అని హామీ ఇచ్చాడు.

ఇక మిగిలింది రేవుపేట. దాన్ని నేను లెక్కలోకే తీసుకోలేదు. గోదారికి కోపం వస్తే మొదట పలకరించేది ఆ పేటనే. ఇళ్ళు రెండు వరసలు, నడుమ సిమెంటు దారి, ఆ చివర చర్చి, ఈ చివర పంచాయతీ కుళాయి. పొద్దున్న ఒక్కసారే వదులుతారు. అందుకని తెల్లారకముందే ఎవరి బిందె వాళ్ళు తెచ్చి కుళాయి దగ్గర వరసలో పెట్టి ఇంటికి పోతారు. మనుషులు ఎవరూ ఉండరు. బిందెలే నిలబడి ఉంటాయి, చర్చిలో ఆడవాళ్ళు బారుగా కూర్చున్నట్టు. నీళ్ళు రాగానే ముందొచ్చినావిడ తన బిందె పట్టుకుని, వెనక బిందెని ముందుకి జరిపి వెళ్తుంది. మా పిన్నిది నడుము దగ్గర సొట్టపడ్డ ఇత్తడి బిందె. అది ఏళ్ళ తరబడి ఒకే చోట, కుళాయి నుంచి మూడోది.

మూడో రోజు పొద్దున్న నాకు పిన్ని మీద ప్రేమ పొంగింది. ఆవిడకి మోకాళ్ళ నొప్పులు. నేనేమో కువైట్‌లో నీళ్ళ క్యాన్లు భుజం మీద మోసిన మొనగాణ్ణి. రేవు దగ్గర కొట్లో ఇరవై లీటర్ల క్యాను ఒకటి కొని, బండి మీద పెట్టుకుని వస్తూ, వరసలో ఉన్న పిన్ని బిందెని కూడా ఎత్తి ఇంటికి తెచ్చేశాను.

"పిన్నీ, ఇవాళ నువ్వు కుళాయి ముఖం చూడక్కర్లేదు. మహారాణిలా కూర్చో" అన్నాను.

పిన్ని పెరట్లో పళ్ళు తోముకుంటోంది. నోటినిండా పేస్టుతో ఏదో అంది. మెచ్చుకుందనుకున్నాను.

మేం ఇడ్లీలకి కూర్చున్నాం. మొదట ఎదురింటావిడ గుమ్మంలోకి వచ్చింది. చేతిలో మూతపెట్టిన గ్లాసు.

"మీ పిన్నిగారికి ఎలా ఉందండీ? జావ కాసి తెచ్చేనండి."

"బాగానే ఉందండి. ఇడ్లీ తింటంది" అన్నాను.

ఆవిడ నన్ను నమ్మకుండా నా భుజం మీంచి లోపలికి తొంగి చూసింది. ఆవిడ వెనకే ఇంకొకావిడ నిండు బిందెతో వచ్చి, అలవాటైన ఇల్లు కాబట్టి నేరుగా వంటింట్లోకి వెళ్ళి దించింది. "మోకాళ్ళేనా, గుండెనొప్పి గానీ వచ్చిందా?" అని అక్కణ్ణుంచే అడిగింది. తర్వాత సైకిలు బెల్లు మోగింది. ఆర్‌ఎంపీ డాక్టరు గారు సంచీతో సహా దిగారు.

"ఎవరు పిలిచేరండి మిమ్మల్ని?" అన్నాను.

"పిలవడమేంటండీ, కుళాయి కాడ బిందె లేదని చెప్పేరు" అని ఆయన చెవులకి గొట్టాలు తగిలించుకున్నాడు.

అంతలో పాస్టరమ్మ గారు వచ్చారు, కొంగు తలమీదకి లాక్కుంటూ. గుమ్మంలోనే కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టేశారు. పిన్ని నోట్లో ఇడ్లీ ముక్క ఉంది. నమలాలా వద్దా అన్నట్టు నా వంక చూసింది. ఒక పక్క డాక్టరు మణికట్టు పట్టుకుని నాడి చూస్తున్నాడు, ఒక పక్క స్వస్థత కోసం ప్రార్థన, మధ్యలో అల్లం పచ్చడి వేళ్ళకి అంటుకున్న రోగి. ఆమెన్ అనగానే పిన్ని ఇడ్లీ మింగి లేచింది.

"నా బిందె తీసిన వెధవ వీడేనండి! క్యాను కొన్నాడంట. ఆళ్ళ కువైట్ తెలివి నా మీద చూపించేడు."

నవ్వులు మొదలయ్యాయి. అందరికన్నా పెద్దగా నేనే నవ్వాను, తప్పుచేసినవాడికి అదొక్కటే సౌకర్యం. "సరేలెండి, రోగి బాగానే ఉంది, డాక్టరు గారికి ఇడ్లీ పెట్టండి" అన్నాను. ఎదురింటావిడ మాత్రం నవ్వలేదు. "మీకు నవ్వులాటగానే ఉంటదండి. బిందె కనపడక పరిగెత్తుకొచ్చేం, నా గుండె ఇంకా దడదడా కొట్టుకుంటంది" అంటూ గుమ్మంలో చతికిలపడింది. తెచ్చిన జావ తనే తాగేసింది.

అందరూ వెళ్ళాక చూస్తే మా ఆవిడ కనపడలేదు. పెరట్లో పిన్ని ఇత్తడి బిందె ముందు కూర్చుని చింతపండుతో తోముతోంది. అది తోమాల్సిన అవసరమే లేదు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"చింతపండు పడిందా కళ్ళల్లో?" అన్నాను.

"ఆయ్" అంది. కాసేపు తోమింది. "ఏవండీ, ఈ వరసలోనే చూడండి."

"ఇక్కడ గోదారి మంచాల కిందకి వస్తుంది."

"వస్తే అందరి మంచాల కిందకీ వస్తదండి. జ్వరం నాకొక్కదానికే వచ్చింది."

మెరక మీద ఇచ్చిన మాట సంగతి అప్పుడు చెప్పాను. తిడుతుందనుకున్నాను. బిందె కడిగి బోర్లించి, "నేనే వచ్చి చెప్తాను పదండి. మీరు చెప్తే ఏదో జోకు వేసి ఇంకా పాడుచేస్తారు" అంది.

చెల్లెమ్మ మళ్ళీ టీ పెట్టింది. మా ఆవిడ నెమ్మదిగా చెప్పింది, ఇల్లు బాగోలేక కాదని, తనకి పదిమంది కాళ్ళ చప్పుడు కావాలని. చెల్లెమ్మ వింటూ కప్పు సాసర్లో తిప్పుతోంది.

"పర్లేదు వదినగారూ. పైపోర్షను ఊడ్పించి, కొత్త కర్టెన్లు వేసేనండి. అవి ఉంటాయి లెండి" అంది.

గేటు దాకా వచ్చింది. ఈసారి కూర్చోమని అనలేదు. మేం దారి మలుపు తిరిగేదాకా తాళం చప్పుడు వినపడలేదు. ఆ నిశ్శబ్దం నాకు తాళం కంటే కష్టంగా ఉంది.

రేవుపేటలో పిన్నికి రెండిళ్ళవతల ఒక చిన్న పెంకుటిల్లు దొరికింది. ముందు గది, వెనక గది, మధ్యలో కుట్టుమిషను. మర్నాడు మా ఆవిడ మా పెళ్ళినాటి స్టీలు బిందె తీసుకెళ్ళి వరస చివర పెట్టింది. పేటంతా ఆ బిందెని పెళ్ళికూతుర్ని చూసినట్టు చూసింది. చూసి పెదవి విరిచింది.

"మరీ నున్నగా ఉందండి. ఇలాంటియ్యి నాలుగున్నాయి వరసలో. ఎవరిదో ఎలా తెలుస్తది?" అంది ఎదురింటావిడ.

"పేరు చెక్కిస్తానండి" అన్నాను.

"తెల్లారగట్ట చీకట్లో పేరు ఎవరు చదువుతారండీ, మీరా? ఏడు చదివినోరు?"

చదువు సంగతి పిన్ని మోసినట్టుంది. అప్పుడు మా ఆవిడే ఆ బిందెని ఎత్తి, కుళాయి గట్టు అంచుకి ఒక్కటి వేసింది. ఠంగుమంది. మెడ కింద అరచెయ్యంత సొట్ట పడింది. ఆడవాళ్ళు వంతులవారీగా ఆ సొట్టలో చెయ్యి పెట్టి చూశారు. పిన్ని తన ఇత్తడి బిందెని కాస్త ముందుకి జరిపి, వెనక చోటు చూపించింది. మా అత్తగారు ముచ్చటపడి కొన్న బిందె అది. ఆవిడ పైనుంచి చూసి ఏమనుకుందో.

సెలవు అయిపోయింది. నేను కువైట్ వెళ్ళిపోయాను. రూమ్మేటు పై మంచం మీంచి కొన్నాళ్ళు నాతో అవసరానికి మించి మాట్లాడలేదు. "మా ఇంట్లో ఏం తక్కువైందిరా?" అని ఒకసారి అడిగాడు. "సొట్ట" అన్నాను. అర్థం కాలేదు. కాకపోవడమే మంచిదని వదిలేశాను.

శ్రావణంలో గోదారి పొంగింది. ఎగువన వానలని, గేట్లు ఎత్తేశారని, లంకలకి పంటులు ఆపేశారని ఫోన్లో వార్తలు వస్తున్నాయి. పొద్దున్న మా ఆవిడతో మాట్లాడాను. "వీధిలోకి వచ్చేసింది. మేమందరం మూటలు కట్టుకుంటన్నాం. మీరు కంగారుపడకండి" అంది. ఆ తర్వాత ఫోను కలవలేదు. పిన్నిది కలవలేదు. బండి నడుపుతూ ప్రతి సిగ్నలు దగ్గరా నొక్కుతూనే ఉన్నాను. స్విచ్ఛాఫ్ అని ఒకావిడ ఇంగ్లీషులోనూ తెలుగులోనూ చెబుతోంది. మేడమీది గదీ, కొట్టి వెళ్ళిపోయిన తలుపూ గుర్తొచ్చాయి. నేనే ఆవిడని నీళ్ళ పక్కన పెట్టి వచ్చాను. మెరక మీద కర్టెన్లు వేసిన గది ఉండగా.

మధ్యాహ్నం గదికి వచ్చేసరికి రూమ్మేటు ఫోను మాట్లాడుతున్నాడు. వాళ్ళింట్లో ఇన్వర్టరు ఉంది కదా, చెల్లెమ్మ ఫోను బతికే ఉంది. నా ముఖం చూసి ఫోను నా చేతిలో పెట్టాడు. అవతల ఒకటే గోల. పిల్లల ఏడుపులు, ఎవరో ఎవర్నో తిట్టడం, ఎక్కడో గేదె అరుపు, మధ్యలో ఇనుము కీచుకీచుమంటున్న చప్పుడు.

"చెల్లెమ్మా, మా ఆవిడ..."

"ఇక్కడే ఉన్నారు అన్నయ్యగారూ! రేవుపేటంతా ఇక్కడే ఉందండి. వదినగారే వచ్చి గేటు కొట్టేరు. తాళంచెవి ఎక్కడ పెట్టేనో కంగార్లో కనపడలేదండి బాబూ, ఆళ్ళందరూ బయట తడిసిపోతా ఉన్నారు." నవ్వుతోంది. ఆవిడ నవ్వు నేను అంతకుముందు వినలేదు.

"ఒక్కసారి ఫోను ఇస్తావా?"

"పైన పసిపిల్లలకి పక్కలేస్తన్నారండి, కొత్త కర్టెన్లన్నీ పీకి దుప్పట్లు చేసేసేం. పిలుస్తానుండండి."

"ఆ చప్పుడేంటమ్మా?"

"చేతిపంపండి. కరెంటు లేదు కదా. పొద్దున్నుంచీ కొడతానే ఉన్నారు. పెరడు పట్టటం లేదండి బిందెలతో."

"మరి మా..."

"మీ పిన్నిగారి వెనక, సొట్టదే కదండీ? ఉంది. నాకిక్కణ్ణుంచి కనపడతానే ఉంది" అని, చిన్నపిల్ల పలక చూపించినట్టు అంది. "దాని వెనకది నాదండి."